రెండు దిక్కుల అవ్వ

మా ఇంట్లో నాకు సూది పొడిచే పని అమ్మది, అది చూడలేక బయటికి పోయి ఆటో తుడిచే పని బాపుది, ఇద్దరినీ తిట్టే పని నాది. ఎనిమిదో తరగతిలో ఉండగా నాకు షుగరు వచ్చింది. ఒంట్లో ఇన్సులిన్ తయారుచేసే కణాలు చచ్చిపోయాయి, ఇక ఆయుష్షున్నన్నాళ్లూ సూదే అని బీదర్‌లో చెప్పారు. అప్పటి నుంచి పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. నాకు అసలే ముక్కు మీద కోపం. కనిపించిన ప్రతివాళ్లూ "గింత బక్కగున్నవ్, నీకు షుగరేందే" అని అడుగుతుంటే ఆ కోపం ముక్కు దిగి నోట్లోకి వచ్చేది.

ఇప్పుడు నేను బీదర్ పక్కన కొల్హార్‌లో మందు సీసాల మూతలు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీలో ప్యాకింగు సూపర్‌వైజర్‌ని. నా కింద పనిచేసే అమ్మాయిలు ముందర అక్కా అంటారు, వెనక సూదక్క అంటారు. నాకు తెలియదనుకుంటారు పాపం. బాపు అక్కడి ఫ్యాక్టరీల షిఫ్టువాళ్లనే ఆటోలో తిప్పుతాడు. అమ్మ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. మాది చర్చికి పోయే కుటుంబం, తరాలుగా బీదర్ చుట్టుపక్కలదే. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడ, బజార్లో ఉర్దూ మాట్లాడతాం. తిట్లు మాత్రం నాకు మూడింట్లోనూ వస్తాయి.

అమ్మ బాపుకు సొంత అక్క బిడ్డ. అంటే అమ్మ తన మేనమామనే చేసుకుంది. ఎవరో బలవంతపెట్టి చేసిన పెళ్లి కాదది. అమ్మ పదో తరగతిలోనే ఇంట్లో చెప్పేసిందట, చేసుకుంటే మామనే చేసుకుంటాను, లేకపోతే బైబిలు స్త్రీనై సువార్త చెప్పుకుంటూ ఊళ్లు తిరుగుతానని. ఒకే రక్తంలో చేసుకోకూడదమ్మా అని బడిలో పంతులమ్మ చెప్పినా వినలేదట. అప్పట్లో బాపు సైకిలు రిపేరు దుకాణంలో పనిచేసేవాడు. ఊళ్లో ఉన్న మంచి సైకిళ్లన్నీ అమ్మ ఇంటి ముందరే ఎందుకు పంక్చరయ్యేవో ఎవరికీ అర్థం కాలేదని బాపు తల్లి, మా అవ్వ, ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది.

నాకు షుగరు బయటపడిన రోజు బీదర్ దవాఖానలో డాక్టరు, మీరిద్దరూ చుట్టాలా అని అడిగాడు. బాపు గొప్పగా, "నా సొంత అక్క బిడ్డె సార్" అన్నాడు. డాక్టరు పెన్ను కింద పెట్టి, ఒకే రక్తం కలిపితే ఇట్లాగే అవుతుంది, మీ సరదాకు పిల్ల గొంతు కోశారు అన్నాడు. అమ్మ నా పక్కనే నిలబడి ఉంది. ఆ తర్వాత నాకు సూది పొడిచిన ప్రతిసారీ అమ్మ పెదాలు కదిలేవి. ప్రార్థన చేస్తోందనుకునేదాన్ని. ఇంటర్‌లోకి వచ్చాక ఒకరోజు చెవి పెట్టి విన్నాను. "నా వల్లనే బిడ్డా, నా వల్లనే" అంటోంది.

అమ్మకు బతుకులో తేలాల్సిన సంగతి ఒక్కటే మిగిలింది. తను మనసుపడి మామను చేసుకున్నందుకే బిడ్డకు రోగం వచ్చిందా, కాదా? ఆలస్యంగానైనా రెండోవాళ్లను కందామని బాపు అడిగినా అందుకే ఒప్పుకోలేదు. చర్చిలో ఆడవాళ్లు చాటుమాటుగా అదే అనేవాళ్లు. ఎదురుగానే అన్నవాళ్లూ ఉన్నారు. దాంతో మా ఇంట్లో ఒక నియమం పుట్టింది. బయటివాళ్లు ఎవరు అడిగినా అమ్మా బాపూ దూరపు చుట్టాలని చెప్పాలి. ఎంత దూరమో ఎవరూ అడగకుండా మాట మార్చాలి.

ఇంట్లో మాత్రం షుగరు ఎవరి దిక్కు నుంచి వచ్చిందని రోజూ లొల్లే. అమ్మ "మీ అమ్మకు లేదా?" అనేది. బాపు "మీ అమ్మకు లేకుండెనా?" అనేవాడు. ఇందులో వాళ్ల అమ్మ, వీళ్ల అమ్మ అని ఏముంది? బాపు తల్లి మా అవ్వ. అవ్వ పెద్ద కూతురు మా అమ్మమ్మ. అమ్మమ్మ కూతురు మా అమ్మ. ఇద్దరూ ఒకే ఇంటి మనుషులు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం అన్నట్టుండేది వాళ్ల పంచాయితీ.

పైగా ఒక్కొక్కరి షుగరుకు ఒక్కో కారణం చెప్పుకునేవాళ్లం. అవ్వకు వయసు వల్ల వచ్చిందట. అవ్వకు అది వచ్చేనాటికి జుట్టు ఇంకా నల్లగానే ఉందని ఎవరికీ తట్టలేదు. అమ్మమ్మకు ఫికర్ వల్ల, మనసులో పెట్టుకున్న దిగులు వల్ల వచ్చిందట. ఆమె కిడ్నీలు పాడై నేను బడిలో ఉండగానే పోయింది. అమ్మకు నేను కడుపులో ఉన్నప్పుడు కాన్పు షుగరు మొదలైంది, కాన్పయినా పోలేదు. నాకేమో ఒకే రక్తం వల్ల. నలుగురిదీ కట్టెపుల్ల ఒళ్లే. బాపు ఒక్కడే గుమ్మడికాయలా ఉంటాడు, చాయ్‌తో పాటు చక్కెర బుక్కుతాడు, ఆయనకు ఏ రోగమూ లేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఇంత కనిపిస్తున్నా మేం పక్కింటి దిష్టి దగ్గర నుంచి పాలప్యాకెట్ల దాకా అన్నిటినీ అనుమానించాం.

పోయిన ఏడాది ఫ్యాక్టరీలో పని మధ్యలో నాకు రెండుసార్లు షుగరు పడిపోయింది. రెండోసారి మూతల కుప్ప మీదే పడ్డాను. మెత్తగానే ఉండింది. బీదర్‌లో కొత్తగా వచ్చిన డాక్టరమ్మ నా కాగితాలన్నీ తిరగేసి, ఇన్నేళ్లయినా ఇంత కొంచెం ఇన్సులిన్‌తో నెట్టుకొస్తున్నావంటే ఇందులో ఏదో తిరకాసు ఉంది, హైదరాబాదు పో అంది. ఒక పెద్ద డాక్టరు పేరు చీటీ మీద రాసిచ్చింది.

హైదరాబాదుకు బయలుదేరిన రోజు పొద్దున బస్సులో అమ్మ మా ఇద్దరికీ పాఠం చెప్పింది. మేనరికం మాట ఎవరి నోటా రాకూడదు. తను బాపును మామా అని పిలవదు, టీవీ సీరియల్లోలాగా ఏమండీ అంటుంది. జహీరాబాద్ దాటాక అలవాటు కోసం ఒకసారి "ఏమండీ" అని పిలిచి చూసింది. బాపు కిటికీలోంచి చెరుకు లారీలు చూస్తున్నాడు. ఇంకోసారి పిలిచింది. ముందు సీటాయన తిరిగి చూశాడు, బాపు చూడలేదు. చివరికి డొక్కలో పొడిచింది. నేను నవ్వలేక చచ్చాను.

అక్కడి డాక్టరమ్మ కృష్ణా జిల్లా వైపు మనిషి. కళ్లద్దాలు నెత్తి మీద పెట్టుకుని టేబులంతా వెతుక్కునే రకం. నా చేతిలోంచి సీసాల కొద్దీ రక్తం తీయించింది. అటు నేను రక్తం ఇస్తుంటే ఇటు బాపును కూర్చోబెట్టి వాళ్ల వైపు ఎవరెవరికి షుగరు ఉందో అడిగింది. బాపు "మా అమ్మకుంది మేడం" అన్నాడు. అక్క సంగతి చెప్తే ఎక్కడ దొరికిపోతాడో అని మింగేశాడు. తర్వాత అమ్మను అడిగింది. అమ్మ తన తల్లికి ఉండేదని, అమ్మమ్మకు ఉందని, తనకూ ఉందని చెప్పింది. మీరు చుట్టాలా అంటే ఇద్దరూ ఒకే గొంతుతో దూరపు చుట్టాలన్నారు. డాక్టరమ్మ మగవాళ్లకు గళ్లు, ఆడవాళ్లకు సున్నాలు గీసి మా వంశాన్ని ఒక కాగితం మీద పరిచింది. అందులో బాపు వైపు ఒక ముసలమ్మ, అమ్మ వైపు ఒక ముసలమ్మ, ఇద్దరికీ షుగరు. మా అవ్వ కాగితం మీద ఇద్దరయింది.

వారం తర్వాత మళ్లీ పోతే డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి వచ్చింది. నా కణాలు చావలేదట. ఇన్నేళ్ల తర్వాత కూడా నా ఒంట్లో సొంత ఇన్సులిన్ తయారవుతోందట. చిన్నపిల్లల షుగరులో ఒంట్లోని రక్షణ దళమే పొరబడి ఆ కణాలను చంపేస్తుందని, నా రక్తంలో ఆ యుద్ధం జాడే లేదని చెప్పింది. నాకు సంతోషం రాలేదు, ఒళ్లు మండింది. మరి ఇన్ని సూదులు ఎందుకు పొడిచారని అరిచాను. ఆమె నన్ను అరవనిచ్చి, నీళ్లిచ్చి, ఇది జన్యువుల్లో ఉన్న తేడా అయి ఉండొచ్చు అంది. కాని చిక్కు ఏమిటంటే రెండు వైపులా షుగరు కనిపిస్తోంది. ఎటు నుంచి వచ్చిందో, ఒకటే తేడానో రెండో తేలాలంటే అందరి రక్తం చూడాలి. ఆ పెద్దవాళ్లిద్దరినీ తీసుకురండి అంది.

అమ్మా బాపూ తేలు కుట్టిన దొంగల్లా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బయట చాయ్ బండి దగ్గర సమావేశం పెట్టారు. నిజం చెప్పేద్దామని నేనన్నాను. అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి, మళ్లీ ఆ మాట తను వినలేనంది. అప్పుడు బాపు బుర్ర పనిచేసింది. పక్కింటి ముసలామెను తీసుకొద్దామన్నాడు. పరాయి రక్తం చూసి నా రోగం ఏం తేలుస్తారని నేను ఎగిరేసరికి ఇంకో ఉపాయం చెప్పాడు. అవ్వనే రెండుసార్లు తీసుకురావాలి. ఒకరోజు తన తల్లిగా, ఇంకోరోజు వేరే చీరలో అమ్మ అమ్మమ్మగా. రెండు రక్తాలూ ఒకటేనని వాళ్లకు తెలిసిపోదా అని అడిగితే, "దినాం వందమందిని చూస్తరు, ఎవలికి యాదుంటది" అన్నాడు. వద్దనాల్సిన దాన్ని. కాని అవ్వ రెండు వేషాల్లో ఎట్లా ఉంటుందో చూడాలని నాకూ చచ్చేంత కోరిక పుట్టింది.

అవ్వ మంగళగి అనే మా పల్లెలో ఉంటుంది. ఎనభై దాటినా కంది చేలో కలుపు చూసి వస్తుంది. ఎన్నో ఏళ్లుగా పొద్దున్నే సగం మాత్ర వేసుకుంటుంది, దాని మీద ఎవరూ చూడకుండా చిటికెడు బెల్లం కూడా వేసుకుంటుంది. హైదరాబాదుకు రెండుసార్లు తిప్పుతామంటే ఎందుకని కూడా అడగలేదు. మూడుసార్లయినా సరేనంది.

మొదటిసారి తెల్లచీరలో పోయింది. డాక్టరమ్మకు అవ్వ తెగ నచ్చింది. షుగరు ఉందని మొదట ఎట్లా తెలిసిందని అడిగితే, బయటికి పోయిన చోట చీమలు పట్టాయని, తన అత్తే కనిపెట్టిందని చెప్పింది. డాక్టరమ్మ పగలబడి నవ్వింది. జొన్నరొట్టె, పుంటికూర తింటారా అని అవ్వ ఆమెను అడిగింది. పుంటికూర అంటే మా వైపు గోంగూర కదా, దానికోసం ప్రాణమిస్తాను గాని జొన్నరొట్టెతో ఎప్పుడూ తినలేదని ఆమె అంది. అవ్వ పాపం అన్నట్టు చూసింది. బాపు బస్సులో తొడ మీద కొట్టుకుని, చూశారా, పని ఎంత సాఫీగా అయిందో అని మురిసిపోయాడు.

నాలుగు రోజుల తర్వాత రెండో అవ్వ బయలుదేరింది. ఆకుపచ్చ చీర, చేతినిండా గాజులు, బాపు ఎక్కడినుంచో పట్టుకొచ్చిన కళ్లద్దాలు. ఆ అద్దాల్లోంచి ఏమీ కనిపించక అవ్వ ప్రతి గడపకూ తట్టుకుంది. ఎవరితోనూ మాట్లాడొద్దని అమ్మ దారంతా చెప్తూనే వచ్చింది. అవ్వ కుక్కిన పేనులా కూర్చుని అన్నిటికీ తల ఊపింది. చంకలో మూట మాత్రం వదల్లేదు. అందులో మాత్రలున్నాయంది.

డాక్టరమ్మ గది తలుపు తీయగానే అవ్వ అద్దాలు తీసి టేబులు మీద పెట్టింది. మూట విప్పింది. "మొన్న జొన్నరొట్టె తిననే లేదంటివి గద బిడ్డా, తెచ్చిన. పుంటికూర గూడ ఉంది, చల్లారకముందే తిను" అంది.

బాపు గోడకున్న గుండె బొమ్మను చాలా శ్రద్ధగా చూడటం మొదలుపెట్టాడు. డాక్టరమ్మ అవ్వను చూసింది, ఆకుపచ్చ చీరను చూసింది, చేతిలో ఉన్న మా వంశం కాగితాన్ని చూసింది. నాకు నవ్వు ఆగడం లేదు, చున్నీ నోట్లో కుక్కుకున్నాను. ఈమె మొన్న వచ్చినామే కదా అని ఆమె అడిగింది. మేం ఏదో ఒకటి అనేలోపే అవ్వ "అవ్, నేనే. మొన్న నెత్తురు తీసిన చెయ్యి వద్దు, గీ చేతికెల్లి తియ్" అని చెయ్యి చాపింది.

అప్పుడు అమ్మ లేచి నిలబడింది. అమ్మ అట్లా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. "మేడం, గీయన నా మేనమామ. మా అమ్మ తోడబుట్టినోడు. నాకు ఇష్టమై చేసుకున్న, ఎవ్వలు చెప్పినా ఇనలే. గీమె ఆయనకు తల్లి, నాకు అమ్మమ్మ. మీరు రాసుకోన్రి. తిట్టాలంటే నన్ను తిట్టున్రి, ఆయన్ని అనకున్రి" అంది. బాపు గుండె బొమ్మ నుంచి తిరిగాడు. నా నవ్వు చున్నీలోనే ఆగిపోయింది.

డాక్టరమ్మ తిట్టలేదు. కళ్లద్దాల కోసం వెతికి, నెత్తి మీద దొరికాక పెట్టుకుంది. ఇంకో కాగితం తీసి గళ్లూ సున్నాలూ మళ్లీ మొదటి నుంచి గీసింది. ఈసారి అవ్వ ఒక్కతే వచ్చింది. అవ్వ కింద అమ్మమ్మ, అమ్మమ్మ కింద అమ్మ, అమ్మ కింద నేను. షుగరు ఉన్నవాళ్ల సున్నాలను నల్లగా నింపుతూ పోతే మంగళగి నుంచి కొల్హార్ దాకా ఒకటే గీత నిటారుగా దిగింది. బాపు గడి పక్కన తెల్లగా, ఖాళీగా మిగిలింది. ఆమె ఆ కాగితం పైకెత్తి పట్టుకుని, ఈ ఒక్క సంగతి ముందే చెప్పి ఉంటే నా పని ఎంత తేలికయ్యేది తల్లీ అంది.

తర్వాత నింపాదిగా చెప్పింది. పొట్టలో క్లోమం అని ఉంటుంది. ఇన్సులిన్ తయారుచేసే కణాలు అందులో ఉంటాయి. అవి తల్లి కడుపులో ఉన్నప్పుడే పుట్టి, పెరిగి, పని నేర్చుకోవాలి. ఎన్ని పెరగాలి, ఎప్పుడు పనిలోకి దిగాలి అని చెప్పే జన్యువులు కొన్ని ఉంటాయి. మా ఇంట్లో అట్లాంటి ఒక జన్యువులో ఎక్కడో ఒక అక్షరం తప్పుపడి ఉంటుందని ఆమె అనుమానం. అంటే మా షిఫ్టులో సూపర్‌వైజర్ ఈల ఊదకపోతే అమ్మాయిలు మెషీన్ల దగ్గర ఉండీ కబుర్లాడుకుంటూ కూర్చుంటారు, అట్లాగన్నమాట అన్నాను. సరిగ్గా అంతే అంది. కణాలు ఉన్నాయి, కాస్త తక్కువగా, కాస్త బద్ధకంగా. వాటిని తట్టి లేపే మాత్ర ఎప్పటి నుంచో ఉంది. అవ్వ మూటలోని మాత్రల అట్ట తీసి చూపించింది. అవ్వ రోజూ సగం విరిచి మింగేది అదే.

అమ్మకు ఇవేవీ చెవికెక్కలేదు. టేబులు అంచు పట్టుకుని అడిగింది. "మేడం, నేను మా మామను కాకుండ వేరేటోణ్ని చేసుకుని ఉంటే?"

"అప్పుడూ ఇంతేనమ్మా. ఈ జన్యువు ఒక్క వైపు నుంచి వస్తే చాలు. మీ దగ్గర ఉంటే మీ బిడ్డకు వచ్చే అవకాశం సగం. మీ ఆయనకు షుగరే లేదు, కాబట్టి పెళ్లికొడుకు ఈయనైనా ఇంకెవరైనా అదే సగం. మేనరికం వల్ల వచ్చే జబ్బులు వేరే ఉన్నాయి, లేవని నేననను. ఇది మాత్రం వాటిలోది కాదు."

అమ్మ ఇంకోసారి చెప్పమంది. ఆమె ఇంకోసారి చెప్పింది. అమ్మ బాపును పిలిచి, ఇప్పుడు ఈయనకు చెప్పండి అంది. ఆమె బాపుకు చెప్పింది. అవ్వకు సరిగ్గా వినపడదు, గట్టిగా చెప్పండి అంది అమ్మ. డాక్టరమ్మ జొన్నరొట్టె ముక్క నోట్లో పెట్టుకుంటూనే నాలుగోసారి గట్టిగా చెప్పింది. బయట వరుసలో కూర్చున్నవాళ్లంతా విన్నారు. తన రక్తంలోంచే బిడ్డకు రోగం వచ్చిందని తెలిసి ఇంత సంబరపడిన తల్లిని నేనెక్కడా చూడలేదు. ఆ గదిలోంచి వస్తూ అమ్మ గాల్లో నడిచింది. మెట్ల దగ్గర "మామా, నాకు ఆకలైతాంది" అంది, గట్టిగా, దవాఖాన అంతా వినేటట్టు.

జన్యువుల రిపోర్టు రావడానికి కొన్ని వారాలు పట్టింది. అవ్వలో, అమ్మలో, నాలో అదే జన్యువు, అదే చోట, అదే ఒక్క అక్షరం తేడా. బాపులో లేదు. బాపు మొహం వేలాడేశాడు. "నాది ఏం లేదా మరి?" అని అడిగాడు. నాకు వచ్చిన కోపం నీదే బాపూ అన్నాను. కాస్త కుదుటపడ్డాడు.

సూది ఎవరూ తమంతట తాము మానేయకూడదు. నన్ను దవాఖానలో ఉంచుకుని, ఇన్సులిన్ కొంచెం కొంచెంగా తగ్గిస్తూ మాత్ర మొదలుపెట్టారు. మొదటి పూట సూది లేకుండా అన్నం తిన్నాక నర్సు వేలికి పొడిచి షుగరు చూస్తుంటే నేను కళ్లు మూసుకున్నాను. అంకె బాగుందని ఆమె కన్నడలో చెప్పింది, ఆమెదీ మా బీదరే. నేను కళ్లు తెరవలేదు, ఇంకోసారి చూడమన్నాను. వేళ్లన్నీ నీవే కదా, ఎన్నిసార్లంటే అన్నిసార్లు పొడుస్తానంది. ఆ రాత్రి నవ్వుతూనే ఉన్నాను. పక్క మంచం ఆవిడ, ఈ పిల్లకు షుగరు కాదు, ఇంకేదో ఉందని తన కొడుకుతో అంది.

ఈ కణాలు ఎప్పటికైనా అలసిపోవచ్చు, మళ్లీ సూది రావచ్చు, నీ పిల్లలకూ సగం అవకాశం ఉంటుందని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. వచ్చిననాడు చూసుకుందాం. ఇప్పటికి మాత్రం నేను రాణిని. ఫ్యాక్టరీలో అమ్మాయిలందరినీ నిలబెట్టి, ఇక నన్ను సూదక్క అని పిలవడానికి లేదు, కొత్త పేరు వెతుక్కోండి అన్నాను. వాళ్ల మొహాలు పాలిపోయాయి, తర్వాత అందరం కలిసి ఎంత నవ్వామంటే మేనేజరు బయటికి వచ్చాడు. స్నేహితురాలి పెళ్లికి సంతపూర్ పోయి రెండు రాత్రులు ఉన్నాను. ఇన్సులిన్‌ను చల్లగా ఉంచే ఐసు ఫ్లాస్కు లేదు, చేతి సంచిలో చీర, దువ్వెన, మాత్రల అట్ట. తిరుగు బస్సులో సీటు దొరకక నిలబడి వచ్చినా పాటలు పాడుతూనే వచ్చాను.

మా చర్చిలో ఆరాధన చివర సాక్ష్యాలు చెప్తారు. దేవుడు మేలు చేసినవాళ్లు లేచి అందరి ముందూ చెప్పుకోవాలి. తప్పిపోయిన గేదె దొరికిందనో, కొడుకు పాసయ్యాడనో చెప్తుంటారు. అమ్మ ఎన్నడూ లేవలేదు. సంతపూర్ నుంచి నేను వచ్చిన తర్వాతి ఆదివారం, ఇంకెవరైనా ఉన్నారా అని పాస్టరయ్య అడిగారు. అమ్మ కొంగు భుజం మీదికి సర్దుకుని లేచింది.

"అందరికి వందనాలు. నా బిడ్డకు సూది బందయింది, గది మీకు ఎర్కే. నేను గందుకు లేవలే" అంది అమ్మ. పాస్టరయ్య గోడ గడియారం వైపు చూశారు. "నేను మా సొంత మామను చేసుకున్న. గందుకే పిల్లకు రోగమొచ్చిందని మీరన్నరు. గీడ కూసున్నోళ్లే అన్నరు. నేను గూడ గదే అనుకున్న, ఇన్నేండ్లు దినాం ఏడ్చిన. గది అబద్ధం. అది నా నెత్తురుల ఉండె, మా అమ్మ నెత్తురుల ఉండె, మా అవ్వ నెత్తురుల ఉండె. ఎవర్ని చేసుకున్నా గట్లనే ఉంటుండె. కణాలు ఉంటయట, వాటికి ఓ అక్షరం తప్పు పోయిందట. మా మామ తప్పు లేదు. నా తప్పు గూడ లేదు."

అవ్వ కూడా వచ్చి ఉంది ఆ రోజు. ఆడవాళ్ల వైపు ప్లాస్టిక్ కుర్చీలోంచి చెయ్యెత్తి, "అవ్, నాదే. నా కాడికెల్లే వచ్చింది" అని పెళ్లివిందుకు తానే పిలిచినట్టు అందరికీ చెప్పింది. నవ్వులు లేచాయి. అమ్మ కూడా నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"రేపు మళ్ల పెండ్లి చేస్తమంటే, నేను మళ్ల గీయననే చేసుకుంట" అంది.

మా దగ్గర మగవాళ్లు ఒక వైపు, ఆడవాళ్లు ఒక వైపు చాపల మీద కూర్చుంటారు. బాపు అటు గోడ పక్కన తల వంచుకుని ఉన్నాడు. భుజాలు అదురుతున్నాయి, నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. అమ్మ నా పక్కకు తిరిగి రాలేదు. మధ్యలో ఉన్న దారి దాటి మగవాళ్ల చాప మీదికి నడిచింది. వాళ్లు కాళ్లు ముడుచుకుని జరిగారు. అమ్మ పోయి బాపు పక్కన కూర్చుంది. పాస్టరయ్య గొంతు సవరించుకుని పాట సంఖ్య చెప్పారు. అమ్మ పుస్తకం నా దగ్గరే ఉండిపోయింది, బాపు పుస్తకంలోకి వంగి చూసి పాడింది.